ఉప్పు, చక్కెర, ఒక జీవకణం

పాఠశాలల్లో జీవకణాన్నీ జీర్ణక్రియనూ రెండు వేరు వేరు పాఠాలుగా బోధించడం ఆనవాయితీ. ఒక పాఠంలో నల్లబల్ల మీద గుండ్రని బొమ్మ, మధ్యలో కేంద్రకం, చుట్టూ పలుచని పొర. మరొక పాఠంలో నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్న ప్రేగు, పెద్ద ప్రేగు. విద్యార్థి రెండింటినీ కంఠస్థం చేస్తాడు; పరీక్షలో రెండింటికీ వేరు వేరుగా సమాధానాలు వ్రాస్తాడు. కాని ఈ రెండు పాఠాలూ ఒక చోట కలుసుకుంటాయి. ఆ చోటు చిన్న ప్రేగు లోపలి గోడ. అక్కడ ఒక్కొక్క కణం ఏమి చేస్తున్నదో తెలుసుకోవడం వల్ల గత అర్ధ శతాబ్దంలో కోట్ల సంఖ్యలో ప్రాణాలు నిలిచాయి. వాటిలో అధిక భాగం అయిదేండ్లు నిండని పసిబిడ్డలవి. ఈ జ్ఞానం ఏర్పడడంలో మన దేశానికీ మన పొరుగు దేశానికీ ప్రధానమైన పాత్ర ఉన్నది. అయినా మన పాఠ్యపుస్తకాలలో ఈ కథకు దక్కిన చోటు చాలా స్వల్పం.

ముందుగా ఒక మాట గురించి. 1665లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని చిన్న చిన్న అరలకు ‘సెల్’ అని పేరు పెట్టాడు. చిన్న గది అని దాని అర్థం. హిందీ పాఠ్యపుస్తకాలు దీనిని ‘కోశిక’ అంటాయి. కోశమంటే ఒర, భాండాగారం. ఏదైనా దాచిపెట్టే చోటు. మరాఠీలో ‘పేశీ’ అంటారు. తెలుగులో ‘కణం’ స్థిరపడింది. కణమంటే రేణువు. రేణువుకు లోపలా వెలుపలా ఉండవు. గదికి ఉంటాయి, తలుపులు కూడా ఉంటాయి. తెలుగు మాటను ఇప్పుడు మార్చవలసిన అవసరం లేదు, మార్చడం సాధ్యమూ కాదు. అయితే కణమన్నప్పుడు గోడలూ తలుపులూ ఉన్న గదిని మనసులో ఉంచుకుంటే ఇక్కడి విషయం సులభంగా బోధపడుతుంది.

ఒక అన్నం ముద్దను తీసుకుందాం. నోటిలో లాలాజలం అందులోని పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలోని జఠరరసం మాంసకృత్తుల పని పడుతుంది. చిన్న ప్రేగులోకి రాగానే క్లోమరసం, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం కలుస్తాయి. చివరకు అన్నంలోని పిండి గ్లూకోజుగా మారుతుంది. పప్పులోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలవుతాయి. పాఠం సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. నిజానికి అసలు పని ఇక్కడే ఆరంభమవుతున్నది. ప్రేగులో ఉన్నంతసేపూ ఆహారం శరీరానికి ఇంకా బయట ఉన్నట్టే లెక్క. ప్రేగు గోడలోని కణాలను దాటి రక్తంలో చేరినప్పుడే అది మనదవుతుంది.

ఆ గోడ నున్నగా ఉండదు. దాని మీద మిల్లీమీటరుకు మించని పొడవుతో లక్షలాది ఆంత్రచూషకాలు మఖమల్ గుడ్డ మీది నూగు వలె నిలిచి ఉంటాయి. వీటన్నిటినీ విప్పి పరిస్తే టెన్నిస్ మైదానమంత వైశాల్యం వస్తుందని చాలా పుస్తకాలు వ్రాస్తూ వచ్చాయి. 2014లో ప్రచురితమైన కొలతల ప్రకారం అది సుమారు 30 చదరపు మీటర్లు మాత్రమే. టెన్నిస్ మైదానం ఒక పెద్ద గది పాటికి కుదించుకుపోయినా, ఆ గది చేసే పని తగ్గలేదు.

ఆ పనిలో నీటి లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక మనిషి రోజుకు రెండు లీటర్ల ద్రవం తీసుకుంటాడనుకుందాం. లాలాజలం, జఠరరసం, క్లోమరసం, పైత్యరసం, ప్రేగు స్రవించే రసం అన్నీ కలిసి మరొక ఏడు లీటర్ల వరకు జీర్ణనాళంలోకి చేరుతాయి. మొత్తం తొమ్మిది లీటర్లకు దగ్గర. ఇందులో మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినదంతా ప్రేగు కణాలు తిరిగి లోపలికి తీసుకుంటాయి. ఈ రాకపోకలలో ఏ చిన్న తేడా వచ్చినా పెద్ద ప్రమాదమే. కలరా తీవ్రంగా సోకిన మనిషి శరీరం నుంచి గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చు. ఉదయం నడిచి వచ్చినవాడు సాయంత్రానికి కన్ను మూయడం ఈ దేశంలో ఎన్నో తరాలు చూసిన దృశ్యం.

మరి నీరు కణంలోకి ఎలా వెళుతుంది? నీటిని స్వయంగా పీల్చుకునే యంత్రమేదీ కణానికి లేదు. లవణం ఎటు పోతే నీరు అటు పోతుంది. అందువల్ల కణం లవణాన్ని నడిపిస్తుంది. కణానికి రక్తం వైపున్న గోడలో ఒక పంపు ఉన్నది. అది ఎడతెగకుండా పనిచేస్తూ మూడు సోడియం అయానులను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. ఈ పంపును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో వెల్లడించాడు; 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పంపు నడవడానికి ఇంధనం కావాలి గదా! ఆ ఇంధనం ఏ.టి.పి. కణంలోని ఈ శక్తి నిక్షేపాన్ని 1929 ప్రాంతంలో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు వేరు వేరుగా కనుగొన్నారు. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు పేరును జీర్ణక్రియ పాఠంలో తలచుకునే ఉపాధ్యాయులు ఎందరు ఉన్నారో!

పంపు వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. అందుచేత ప్రేగులోని సోడియం లోపలికి రావాలని ఆత్రపడుతూ ఉంటుంది. అది రావడానికి ప్రేగు వైపు గోడలో ఒకటి కంటె ఎక్కువ తలుపులు ఉన్నాయి. వాటిలో ఒకటి విచిత్రమైనది. ఉప్పు ఒంటరిగా వస్తే అది తెరుచుకోదు; చక్కెర ఒంటరిగా వచ్చినా తెరుచుకోదు. రెండు సోడియం అయానులూ ఒక గ్లూకోజు అణువూ కలిసి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. వాటి వెంట నీరు వస్తుంది. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రజ్ఞుడు 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో ప్రతిపాదించాడు. అప్పట్లో అది పరిశోధనాగారానికి పరిమితమైన విషయం. దానికీ కలరా రోగికీ సంబంధం కలపడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఆ సంబంధానికి రెండవ కొస కలకత్తాలో ఉన్నది. కలరా క్రిమిని 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలోనే రోగులలోనూ, చెరువు నీటిలోనూ గుర్తించాడు. ఆ క్రిమి ఒక విషాన్ని తయారుచేస్తుందని ఆయన ఊహించాడు. తరువాత 70 సంవత్సరాలకు పైగా ఎవరూ ఆ విషాన్ని పట్టుకోలేకపోయారు. కారణం చిన్నది. అందరూ క్రిమినో దాని సారాన్నో జంతువుల శరీరంలోకి, రక్తంలోకి ఎక్కించి ఫలితం కోసం ఎదురుచూశారు. హుగ్లీ జిల్లాలోని గరీబాటి గ్రామంలో 1915లో పుట్టిన శంభునాథ్ డే అనే వైద్యుడు మరొక విధంగా ఆలోచించాడు. రోగం ప్రేగులో వస్తున్నప్పుడు ప్రేగులోనే వెతకాలి గదా! కుందేలు చిన్న ప్రేగులో ఒక భాగాన్ని రెండు చోట్ల దారంతో కట్టి, ఆ మధ్య భాగంలోకి కలరా క్రిములను ఎక్కించి చూశాడు. ఆ భాగం నీటితో ఉబ్బింది. తరువాత క్రిములు లేకుండా వడగట్టిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించాడు. అప్పుడు కూడా ఉబ్బింది. అంటే దోషం క్రిమి విడిచిన విషానిదే. ఈ ఫలితం 1959లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. ఖరీదైన యంత్రమేదీ అక్కరలేని ప్రయోగమది. ప్రశ్న సరైనది కావడమే దాని బలం. డాక్టర్ డే 1985లో మరణించాడు. జీవించి ఉండగా స్వదేశంలో ఆయనకు తగిన గౌరవం లభించలేదు. నోబెల్ బహుమతి గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ప్రతిపాదించిన సంగతి కూడా మనలో చాలామందికి ఆలస్యంగానే తెలిసింది.

ఆ విషం కణాన్ని చంపదు. ప్రేగు గోడను చీల్చదు, పుండు చేయదు. కణం లోపలి ఒక సంకేతాన్ని తారుమారు చేసి, లవణాన్ని బయటికి విడిచే ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. ఉప్పును తీసుకునే మామూలు ద్వారాన్ని మూసివేస్తుంది. లవణం వెంట నీరు ప్రేగులోకి వరదలా వస్తుంది. ఇన్ని చేసినా ఆ విషం ఒక్క తలుపును మాత్రం ముట్టుకోదు. ఉప్పూ చక్కెరా కలిసి వచ్చే తలుపు అది. ఇంటికి ముందు గది కాలిపోతున్నా పెరటి తలుపు పనిచేస్తూనే ఉన్నట్టు, రోగపీడితమైన కణంలో కూడా ఆ దారి నిక్షేపంగా ఉంటుంది. సరైన పాళ్లలో ఉప్పు, చక్కెర కలిపిన నీరు తాగిస్తే విరేచనాలు వెంటనే ఆగవు. కాని పోయిన నీరు మళ్లీ శరీరంలో చేరుతుంది. మనిషి బ్రతుకుతాడు.

ఈ చికిత్స ఒక్కరి సొత్తు కాదు. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే 186 మంది కలరా రోగుల గురించి ‘లాన్సెట్’ పత్రికలో వ్రాస్తూ, నోటి ద్వారా ద్రవాలు ఇవ్వవచ్చునని తెలిపాడు. అప్పటి వైద్యలోకం దానిని పెద్దగా పట్టించుకోలేదు. 1968లో అప్పటి తూర్పు పాకిస్తాన్ రాజధాని ఢాకాలోని కలరా పరిశోధనాగారంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు, గ్లూకోజు, లవణాల ద్రావణం తాగిస్తే నరాలలోకి ఎక్కించవలసిన సెలైన్ బాగా తగ్గుతుందని నిరూపించారు. కలకత్తాలోనూ అదే కాలంలో అటువంటి పరిశోధనలు జరిగాయి. అయినా శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణ లేకుండా దీనిని వాడరాదన్న అభిప్రాయమే బలంగా ఉండేది.

1971 ఆ అభిప్రాయానికి పరీక్ష పెట్టింది. తూర్పు బెంగాల్ నుంచి లక్షల సంఖ్యలో శరణార్థులు సరిహద్దు దాటి వస్తున్నారు. ఆ ఏడాది ముగిసేనాటికి వారి సంఖ్య కోటికి చేరింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ పట్టణం సరిహద్దును ఆనుకొని ఉన్నది. ఆ శిబిరాలలో వర్షాకాలంలో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో కలరా రోగులకు కేటాయించినవి రెండు గదులు, 16 మంచాలు. రోగులు నేల మీద పడి ఉన్నారు. వారికి సెలైన్ ఎక్కించడానికి వైద్యులు మలమూత్రాల మధ్య మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చేది. సెలైన్ నిల్వలు తరిగిపోతున్నాయి. దానిని ఎక్కించడం తెలిసినవారు ఒకరిద్దరు.

అక్కడ బాధ్యత వహించిన వైద్యుడు దిలీప్ మహలనబిస్. తూర్పు బెంగాల్‌లోని కిశోర్‌గంజ్ ప్రాంతంలో 1934లో జన్మించిన ఆయన, తన పుట్టిన నేల నుంచి పారిపోయి వచ్చినవారికే వైద్యం చేస్తున్నాడు. ఆయన తీసుకున్న నిర్ణయం ఆనాటి వైద్య నియమాలకు విరుద్ధమైనది. 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. ఇవి లీటరు నీటికి చాలు. పొటాషియం కూడా కలిపితే మేలే, కాని పని జటిలమవుతుంది, సరఫరా ఆగిపోవచ్చు; అందువల్ల దానిని వదిలివేశారు. కలకత్తాలో ఈ పొడులను తూకం వేసి ప్లాస్టిక్ సంచులలో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతి అతికించి బన్‌గావ్‌కు పంపించారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. కుళాయి అమర్చిన పీపాలలో ఆ పొడిని కలిపి ఉంచారు. రోగికి తాగించే పని నర్సులది కాదు. తల్లులది, అన్నదమ్ములది, పక్కన కూర్చున్న బంధువులది. రోగి కోలుకొని ఇక చాలనేంత వరకు గిన్నెలతో నింపుకొని తాగించడమే.

రెండు నెలలలో 3,000 మందికి పైగా అక్కడ చికిత్స పొందారు. కలరా శిబిరాలలో నూటికి 30 దాకా ఉంటూ వచ్చిన మరణాలు ఈ కేంద్రంలో 3.6కు దిగివచ్చాయి. మహలనబిస్ ఈ ఫలితాలను 1973లో ప్రచురించాడు. ‘లాన్సెట్’ పత్రిక 1978లో సంపాదకీయం వ్రాస్తూ, సోడియం, గ్లూకోజు కలిసి ప్రయాణిస్తాయని కనుగొనడం ఈ శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు కావచ్చునని ప్రశంసించింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. మహలనబిస్ 2022 అక్టోబరులో మరణించాడు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ తరువాతి అధ్యాయం బంగ్లాదేశ్‌ది. అక్కడి స్వచ్ఛంద సంస్థ బ్రాక్ 1980 నుంచి 1990 వరకు దాదాపు కోటీ ఇరవై లక్షల ఇళ్లకు తన కార్యకర్తలను పంపింది. పొట్లాల కోసం ఎదురుచూడకుండా, ప్రతి ఇంట్లో ఉండే వస్తువులతోనే ద్రావణం కలపడం తల్లులకు నేర్పింది: మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధ సేరు నీరు. ఇందులో మెచ్చుకోవలసిన ఏర్పాటు ఒకటున్నది. కార్యకర్త ఎన్ని ఇళ్లు తిరిగిందో చూసి జీతం ఇవ్వలేదు. కొన్నాళ్ల తరువాత మరొకరు వెళ్లి, ఆ తల్లికి ఎంత గుర్తున్నదో అడిగి, దానిని బట్టి ఇచ్చారు. తల్లులు కలిపిన ద్రావణంలో ఉప్పు పాలు సరిగా ఉన్నదో లేదో పరిశోధనాగారంలో పరీక్షించారు కూడా. మన దేశంలో అక్షరాస్యతకూ ఆరోగ్యానికీ జరిగే ప్రచారాలలో ఇటువంటి లెక్క ఎంతవరకు ఉంటున్నదో ఆలోచించదగినది.

తెలుగునాట ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత తెలియనివారు లేరు. అజీర్ణం చేసిన పెద్దవాడి విషయంలో అందులో కొంత నిజముండవచ్చు. విరేచనాలవుతున్న పసిబిడ్డకు మాత్రం లంఖణం ప్రాణాంతకం. నీళ్లు తాగిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని భయపడి బిడ్డ నోరు ఎండగట్టే ఆచారం మన పల్లెలలోనే కాదు, ఉత్తర భారతంలోనూ బంగ్లాదేశ్‌లోనూ ఉన్నది. తాగించిన నీరు విరేచనంలో కనిపిస్తుంది, శరీరంలో చేరినది కనిపించదు. భయానికి కారణం ఇదే. అదే పల్లెలలో ఉప్పు వేసిన పలుచని గంజి తాగించే అలవాటు కూడా ఉన్నది. గంజిలోని పిండి ప్రేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది, ఉప్పుతో జత కడుతుంది. 1980ల దశకంలో ఢాకా శాస్త్రజ్ఞులు బియ్యపు పిండితో చేసిన ద్రావణాన్ని పరీక్షించి, కలరా రోగులకు అది బాగా పనిచేస్తుందని తేల్చారు. పెద్దమ్మల గంజికి పరిశోధనాగారం వేసిన ముద్ర అది. సామెతనూ గంజినీ ఇచ్చినది ఒకే సంప్రదాయం. రెండింటిలో ఏది ఉంచుకోవాలో కణాన్ని అడిగి తెలుసుకోవచ్చు.

ఎక్కువ చక్కెర వేస్తే ఎక్కువ మేలు కదా అనిపించవచ్చు. కాదు. చక్కెర మితిమీరితే అది ప్రేగులోనే ఉండిపోయి, రక్తంలోని నీటిని తన వైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఈ కారణం చేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో పాత పాళ్లను తగ్గించింది. నేడు లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు. దుకాణాలలో ‘ఓ.ఆర్.ఎస్.’ అన్న అక్షరాలను పేరులో చేర్చుకొని, ఈ పాళ్లతో సంబంధంలేని తియ్యని పానీయాలు రంగురంగుల పెట్టెలలో చాలాకాలం అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన ఒక శిశువైద్యురాలు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అంతకు ముందు ఇచ్చిన అనుమతులను ఉపసంహరించి, ఆహార పానీయాల పేర్లలో ఆ అక్షరాలను వాడరాదని ఆదేశించింది. చక్కెర పాలు తెలియని తల్లికి ఆ పెట్టె మీది పేరే వైద్యుని మాట వలె కనిపించి ఉంటుంది.

కలరా ఎందుకు కొద్ది రోజులలో తగ్గిపోతుందో కూడా కణమే చెబుతుంది. ప్రేగు గోడలోని కణం ఆయుర్దాయం మూడు నుంచి అయిదు రోజులు. ఆంత్రచూషకాల మొదట పుట్టిన కణం మెల్లగా పైకి జరిగి, కొసకు చేరి రాలిపోతుంది. విషం పట్టిన కణాలు రాలి, కొత్తవి రావడానికి పట్టే ఆ కొద్ది రోజులూ రోగిని నీటితో నిలబెట్టుకోవాలి. కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది కొరవడినప్పుడు ప్రేగు పోషకాలను గ్రహించలేదు. ఉష్ణమండలంలో కనిపించే ‘స్ప్రూ’ అనే ప్రేగు వ్యాధిలో ఈ స్థితి ఏర్పడుతుంది. సుబ్బారావు సోదరుణ్ణి బలిగొన్నది ఆ వ్యాధే. 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కణాల పునర్నిర్మాణానికి జింకు కూడా అవసరం. అందుకే 2004 నుంచి అతిసారం సోకిన పిల్లలకు ద్రావణంతో పాటు 10 నుంచి 14 రోజులు జింకు బిళ్ల ఇవ్వాలని నిర్ణయించారు: ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటె చిన్నవారికి 10.

అతిసారానికి కలరా ఒక్కటే కారణం కాదు. పిల్లలలో రోటావైరస్ ముఖ్యమైనది. దానికి హైదరాబాదులో తయారైన దేశీయ టీకాను 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో మొదటగా ప్రవేశపెట్టారు. 1982లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అతిసారం వల్ల అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఏటా సుమారు 46 లక్షల మంది చిన్నపిల్లలు మరణించేవారు. నేడు ప్రపంచం మొత్తం మీద ఆ సంఖ్య నాలుగున్నర లక్షలకు కొంచెం లోపు. సురక్షితమైన నీరు, టీకాలు, పోషణ, ఈ ద్రావణం అన్నీ ఇందుకు తోడ్పడ్డాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో విరేచనాలు పట్టిన పిల్లలలో నూటికి 61 మందికి మాత్రమే ఈ ద్రావణం అందింది. జింకు అందినది నూటికి 31 మందికే.

కణం పాఠం చెప్పే రోజున తరగతిలో ఒక లీటరు సీసా, ఒక చెంచా ఉంటే చాలు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా చిన్నది కావాలి, తలగొట్టి కొలవాలి. కలిపినది కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదని పిల్లలే రుచి చూసి తెలుసుకుంటారు. పొట్లం దొరికినచోట పొట్లమే మేలు. దానిని గ్లాసులో కాకుండా, పొట్లం మీద వ్రాసిన కొలత ప్రకారం పూర్తి నీటిలో కలపాలి. బిడ్డకు తల్లిపాలు ఆపరాదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టాలి. కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేని స్థితిలో ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దారిలో కూడా తాగించగలిగినంత తాగిస్తూనే ఉండాలి. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోసి, మళ్లీ కొత్తగా కలపాలి.